ముందు పలికిన చెయ్యి

నూకరత్నం కుడిచేత్తో పప్పన్నం కలుపుకుని, ముద్ద చేసి, దారిలో ఒక్క మెతుకు కూడా రాలకుండా నోట్లో పెట్టుకున్న రోజున పరిశోధనశాలలో అందరూ చప్పట్లు కొట్టారు. ఆమె చెల్లెలు గౌరీశ్వరి మాత్రం కొట్టలేకపోయింది. కంప్యూటర్ తెర వెనక తల దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇంత చదువు చదివి, ఇంతమందికి పై అధికారి అయి, అక్క అన్నం తిన్నందుకు ఏడ్చే మనిషిని అక్కడి కుర్ర ఇంజినీర్లు అంతకుముందు చూడలేదు. చూడనట్టే నటించి పుణ్యం కట్టుకున్నారు.

ఏడవదూ మరి. పక్షవాతం వచ్చిన నాటి నుంచి నూకరత్నానికి మాట లేదు, కుడిచెయ్యి స్వాధీనంలో లేదు. ఎడమచెయ్యి కదిలేది గానీ ఏ సైగా, ఏ పనీ దానికి కుదిరేవి కావు. మాట పోయినందుకు ఆ ఇంట్లో ఎవరూ అంతగా కుంగిపోలేదు. చెయ్యి పోయినందుకే కుంగిపోయారు. నూకరత్నం ఒక్కగానొక్క కూతురు కుసుమకి పుట్టుకతోనే వినపడదు. అనకాపల్లిలోని ఆ ఇంట్లో నోటికంటే చేతికే పని ఎక్కువ. కుసుమ బడి మొహం చూడకముందే తల్లీ కూతుళ్లు తమకు తోచిన సైగలు కల్పించుకుని, అలకలూ కబుర్లూ తిట్లూ అన్నీ వాటితోనే నడుపుకున్నారు. మోటార్ల వైండింగ్ దుకాణం కట్టేసి తండ్రి అప్పలనాయుడు ఇంటికి వచ్చేసరికి ఆ ఇద్దరి చేతులూ గాలిలో ఆడుతూ ఉండేవి. ఈ సందడిలో తనను పట్టించుకునే దిక్కే లేదని ఆయన లోపల మురిసిపోతూ పైకి గొణుక్కునేవాడు.

విశాఖపట్నంలో గౌరీశ్వరి పనిచేసే పరిశోధనశాల కనిపెట్టిన పరికరం పేరు ‘తోడు’. చింతగింజంత ఉంటుంది. చెవి వెనక, ఎముక కింద అమరుస్తారు. దెబ్బతిన్న మెదడు ఒక పని తలుచుకోగానే ఆ పని పేరును తోడు పట్టుకుంటుంది. తనలోకి ఎక్కించిన లైబ్రరీల్లో ఆ పేరు కోసం వెతుకుతుంది. లైబ్రరీ అంటే ఆరోగ్యంగా ఉన్న మరో మనిషి చేతి పనితనం, కండరం కండరం చొప్పున నమోదు చేసి దాచినది. పేరు దొరికిన చోటి చిరునామాను తోడు మెదడుకి అందిస్తుంది. చెయ్యి ఆ చిరునామాకి వెళ్లి అక్కడున్న పని చేసేస్తుంది. మనిషి మెలకువగా కూర్చుని కాఫీ తాగుతుండగానే ఒక లైబ్రరీని ఎక్కించవచ్చు, మరోదాన్ని దించవచ్చు.

ఆ వెతుకులాటను రాసింది గౌరీశ్వరే. అక్క మొదటిసారి ‘నీళ్లు’ అనుకున్నప్పుడు ఆ పేరు తెర మీద పరుగెత్తడం కళ్లారా చూసింది. మొదటి లైబ్రరీ అన్నం తినడం, బొత్తాలు పెట్టుకోవడం, జడ వేసుకోవడం లాంటి పనులది. అందులో ఆ సైగ లేదు. రెండోది సైగలది. అందులో దొరికింది. వెతుకులాట అక్కడితో ఆగిపోయింది. వరసలో చివరిది నూకరత్నం సొంత మెదడు. దాని ఊసే రాలేదు. దొరికాక ఇంకా వెతకడం దేనికి? పైగా పక్షవాతం కొట్టిన చోట ఏముంటుందిలే అని అందరి నమ్మకం. చెయ్యి లేచి పెదవుల దగ్గర నీళ్ల సైగ చేసింది. అందరికీ అదే చాలనిపించింది.

సైగల లైబ్రరీకి ఎవరి చేతులు నమోదు చెయ్యాలన్న ప్రశ్న వచ్చినప్పుడు గౌరీశ్వరి క్షణం కూడా తటపటాయించలేదు. కుసుమ హాస్టల్లో ఉండి చదువుకునే బధిరుల బడి నుంచి ఆ పిల్ల క్లాసు టీచర్ వైదేహిని ఒప్పించి తీసుకొచ్చింది. ఎవరో ఢిల్లీ మనిషి చేతులకంటే పిల్లకు రోజూ అలవాటైన చేతులైతే మేలు కదా అనుకుంది. వైదేహి టీచర్ కూడా సంతోషంగా వచ్చి, వారాల తరబడి ఓపిగ్గా కూర్చుని, తనకు తెలిసిన సైగలన్నీ చేసి చూపించింది. తన క్లాసు పిల్లల పేర్లు కూడా వదలలేదు. అందరూ మంచివాళ్లే, అందరూ మంచి ఉద్దేశంతోనే చేశారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

తోడు అమర్చాక వచ్చిన మొదటి సెలవుకి కుసుమ ఇంటికి వచ్చింది. గడపలో నిలబడ్డ కూతుర్ని చూడగానే నూకరత్నం చెంప దగ్గర గుప్పిట ఉంచి, మొగ్గ విచ్చుకున్నట్టు మెల్లగా వేళ్లు తెరిచింది. బడిలో కుసుమ పేరుకి అదే సైగ. చూడడానికి ముచ్చటగా ఉంటుంది. కుసుమ తల్లిని వాటేసుకుని ఏడ్చింది, ఆ రోజంతా ఆ చెయ్యి వదలలేదు. అప్పలనాయుడు కోడిని తెచ్చి తానే వండాడు. ఉప్పు ఎక్కువైనా ఎవరూ పైకి అనలేదు.

తర్వాతి సెలవుకి పిల్ల కాస్త ముభావంగా ఉంది. ఆ పైసారి వచ్చినప్పుడు, తల్లి ఏదైనా చెబుతుంటే చేతులు కట్టుకుని, వెన్ను నిటారుగా పెట్టి, క్లాసులో నిలబడ్డట్టు నిలబడింది. అన్నం తిన్నావా అన్నా అంతే, తల దువ్వనా అన్నా అంతే. ఆ తర్వాత పరీక్షలున్నాయని, హాస్టల్లోనే ఉంటానని కబురు పంపింది. పరీక్షలు అయిపోయాక కూడా రాలేదు.

“ఏటి సెప్పమంటావే గౌరీ,” అన్నాడు అప్పలనాయుడు ఫోన్లో. “మీ అక్క బాగానే ఉన్నాది. అన్నం తింటాది, జడేసుకుంటాది, అన్నీ సేసుకుంటాది. కానీ ఇంట్లో ఓ టీచరమ్మ తిరుగుతున్నట్టుంటాది. నాకే అలాగుంటే కుసుమ గుంటకి ఎలాగుంటాదో నువ్వే సూసుకో.”

గౌరీశ్వరి నవ్వేసింది. నవ్వేసింది గానీ ఆ మాట ఆమె మనసులో ముల్లులా ఉండిపోయింది.

ఆ నెల పరీక్షకి వచ్చినప్పుడు నూకరత్నం డాక్టర్ పట్నాయక్ ఎదుట కూర్చుని, ప్రతి సైగనూ పొందికగా, విడివిడిగా, అచ్చం వైదేహి టీచర్ చేసినట్టే చేస్తూ ఒక మాట చెప్పింది. తోడు తీసెయ్యమంది.

పట్నాయక్ తోడుని కనిపెట్టినవాళ్లలో పెద్దవాడు. నెమ్మదైన మనిషి, రోగుల దగ్గర గొంతు పెంచి ఎరగడు. ఒకసారి తీస్తే మళ్లీ పెట్టడం కుదరదని, చెయ్యి మునుపటిలా వేలాడిపోతుందని, అన్నం ఇంకొకరు తినిపించాలని, సైగలన్నీ పోతాయని మెల్లగా వివరించాడు. నూకరత్నం అన్నిటికీ తలూపింది. తర్వాత చెల్లెలి వైపు తిరిగి చేతులు కదిపింది.

“నేను పిలుస్తాను, అది వస్తుంది. టీచర్ పిలిస్తే వచ్చినట్టు వస్తుంది. నాకు అన్నం తినిపించడానికి మీ బావ ఉన్నాడు. దానికి అమ్మ ఎవరున్నారు?”

రోగి వద్దంటే తీసెయ్యాల్సిందే, అది అక్కడి నియమం. ఆపరేషన్ వచ్చే వారానికి ఖాయమైంది.

ఎలాగైనా మనసు మార్పించాలని గౌరీశ్వరి సెలవు పెట్టి అక్కతో పాటు అనకాపల్లి వెళ్లింది. బతిమాలింది, కోప్పడింది, చివరికి అలిగి అన్నం మానేసింది. చిన్నప్పుడు పనికొచ్చిన ఉపాయాలేవీ ఇప్పుడు పనికిరాలేదు. నూకరత్నం చెల్లెలి అలక చూసి నవ్వి, కంచం ముందుకు జరిపి ఊరుకుంది.

మర్నాడు పొద్దున నూకరత్నం పెరట్లో చేపలు బాగు చేస్తుంటే గోడ మీదికి ఓ పిల్లి వచ్చి కూర్చుంది. మరిగే పాలల్లో మూతి పెట్టి కాల్చుకున్న ఘనత దానిది. అయినా బుద్ధి రాలేదు, చేపల వాసన తగిలితే చాలు వచ్చేస్తుంది. నూకరత్నం భర్త వైపు తిరిగి, రెండు వేళ్లతో తన మూతి గిల్లుకుని, మోచెయ్యి పక్కకి విసిరి, భుజం ఎగరేసింది. అప్పలనాయుడు లేచి కర్ర పుచ్చుకుని పిల్లిని తరిమాడు.

గౌరీశ్వరి చేతిలో కాఫీ గ్లాసు అలాగే ఉండిపోయింది. వైదేహి టీచర్ మోచెయ్యి ఎప్పుడూ పక్కటెముకలకు ఆనుకునే ఉంటుంది. వారాల తరబడి ఆ చేతుల్ని నమోదు చేసిన మనిషికి ఆ మాత్రం తెలియకుండా ఉండదు. ఎదుటివాళ్లకు తగులుతుందేమోనన్న చింత లేకుండా మోచెయ్యి అలా విసిరేది వాళ్ల వంశంలో ఒక్క నూకరత్నమే. చిన్నప్పుడు ఆ మోచెయ్యి తగిలి గౌరీశ్వరికి ఎన్నిసార్లు చెంప వాచిందో లెక్క లేదు.

ఇప్పుడు అక్క ఏమందని బావని అడిగింది.

“మూతికాల్నది వొచ్చింది, తరుమూ అంది. ఆ పిల్లి పేరది.”

“ఆ సైగ ఎవరిది బావా?”

“ఎవులిదేటి? తల్లీకూతుళ్లదే. ఈ ఇంట్లోదే.”

గౌరీశ్వరి పక్కనున్న పీట మీద కూలబడింది. వైదేహి టీచర్ ఆ పిల్లిని ఎన్నడూ చూడలేదు. కాబట్టి ఆ పేరు ఆవిడ లైబ్రరీలో లేదు. తోడు మొదటి లైబ్రరీలో వెతికి, రెండోదాంట్లో వెతికి, ఎక్కడా దొరక్క, చిట్టచివరికి అక్క సొంత మెదడుని అడిగింది. అక్కడ దొరికింది. అంటే అక్క చెయ్యి చచ్చిపోలేదు. దాన్ని అడిగినవాళ్లే లేరు. పరిశోధనశాలలో చేసిన పరీక్షలన్నీ నీళ్లు, అన్నం, ఇల్లు లాంటి అందరికీ తెలిసిన మాటలతోనే చేశారు. వాటన్నిటికీ టీచర్ చెయ్యే ముందు పలికింది. గౌరీశ్వరికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. ఏది ముందు రానివ్వాలో తెలియక కాఫీ తాగేసింది.

బావకి ఈ సంగతి విప్పి చెప్పడానికి ఆమె ఊళ్లోని బెల్లం మార్కెట్‌ని వాడుకుంది. అక్కడ నిలబడి నూకరాజూ అని కేకేస్తే ఏమవుతుందని అడిగింది. నూకాలమ్మ వెలసిన ఊళ్లో ఆ పేరున్నవాళ్లకు కొదవేముంది, ఎవడు దగ్గరుంటే వాడు పలుకుతాడన్నాడు అప్పలనాయుడు. ఇక్కడా అదే జరుగుతోందంది గౌరీశ్వరి. అక్క కూతురి పేరు తలుచుకుంటుంది. ఆ పేరు టీచర్ లైబ్రరీలో ఉంది, అక్క మెదడులోనూ ఉండి ఉండవచ్చు. టీచర్ ముందు వరసలో ఉంది కాబట్టి ఆవిడే పలుకుతోంది, వెనక నిలబడ్డ అక్కకి వంతే రావడం లేదు. ఢిల్లీ మనిషి చేతులు తెచ్చి ఉంటే అందులో కుసుమ పేరే ఉండేది కాదు. పిల్లకు దగ్గరి మనిషి కావాలని ఏరి కోరి తెచ్చినందుకే ఇలా అయింది.

మరి కుసుమని ఇంట్లో ఏమని పిలిచేవారని అడిగితే అప్పలనాయుడు చిటికెనవేలు వంచి ముక్కు కింద ఓసారి రుద్దుకున్నాడు. పసితనంలో పిల్లకు ఏడాది పొడుగునా ముక్కు కారుతూనే ఉండేదట. అదే పేరైపోయింది. ఏ మాట చెప్పాలన్నా నూకరత్నం ముందు ఆ పేరు పెట్టి పిలిచేది. పిల్ల ఎదురుగా కూర్చుని తనవైపే చూస్తున్నా సరే, పిలవనిదే మాట మొదలుపెట్టేది కాదు.

ఆయన కర్రను గోడకి ఆనించాడు.

“అయితే ఆ పేరు మీ అక్కకి ఇంకా గురుతుందంటావా?”

“అడిగితేనే తెలుస్తుంది బావా.”

అడగడంలోనే ప్రమాదం ఉందన్నాడు పట్నాయక్. నూకరత్నం మెదడుని వరసలో ముందుకు తెస్తే సరిపోతుందని పరిగెత్తుకొచ్చిన గౌరీశ్వరిని ఆయన కూర్చోబెట్టి, తోడు దాచిన పాత సంకేతాలు తీసి చూపించాడు. ఓ రోజు నూకరత్నం మామిడితాండ్ర అనబోయింది, ఆ పేరు టీచర్ లైబ్రరీలో లేదు. చెయ్యి గాలిలో బిగుసుకుపోయింది, దవడ బిగిసింది, కాసేపటికి గానీ వదలలేదు. నీరసం వల్లనేమో అనుకుని ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. అక్కడ పేరు ఉంది, చిరునామా ఉంది, ఆ చిరునామాలో ఇల్లే కూలిపోయింది. చెయ్యి వెళ్లి ఆ శిథిలాల్లో ఇరుక్కుంది. అదృష్టం బాగుండి బయటపడింది.

“ఇంతకుముందు ఒకాయనకి సొంత మెదడుని ముందు పెట్టాం,” అన్నాడు పట్నాయక్. “ఆయన కొడుకు బతిమాలితే నేనే ఒప్పుకున్నాను. ఆ రోజే ఫిట్స్ వచ్చాయి. ఆయన మళ్లీ మంచం దిగలేదు. లోపల ఏ ఇల్లు నిలబడి ఉందో, ఏది కూలిందో మనకు తెలియదమ్మా. అందుకే లైబ్రరీ ముందు, మనిషి తర్వాత.”

గౌరీశ్వరికి ఆ పెద్దమనిషి మీద కోపం రాలేదు. తను ఆయన కుర్చీలో ఉంటే అదే మాట అనేది. కానీ వారం గడిస్తే తోడే ఉండదు. ఆమె తన గదిలోకి వెళ్లి కూర్చుని, తను రాసిన వెతుకులాటనే మళ్లీ మొదటి నుంచి చదివింది. వరస మొత్తం మార్చనక్కర్లేదు. మారాల్సింది ఒక్క పేరు దారి.

ఆమె ఓ బుల్లి లైబ్రరీ రాసింది. అందులో ఒకే ఒక్క పేరుంది, కుసుమ. దాని కింద ఏ పనీ లేదు. దాన్ని అన్నిటికంటే ముందు వరసలో పెట్టాలి. నూకరత్నం కూతురి పేరు తలుచుకోగానే ఇదే ముందు పలుకుతుంది. పలికి, తను ఏమీ చెయ్యకుండా, టీచర్ లైబ్రరీని దాటించి ఆ తర్వాత ఈ పేరు ఇంకెవరి దగ్గరుందో వెతికి, ఆ చిరునామా చేతికిస్తుంది. అన్నం, నీళ్లు, తాండ్ర అన్నీ ఎప్పటిలాగే టీచర్ చేతి మీదుగానో, వాటి దారినో పోతాయి. ఒక్క పేరు మాత్రం వెనక నిలబడ్డ మనిషి దాకా వెళుతుంది.

పట్నాయక్ దాన్ని ఆసాంతం చదివాడు. బాగా రాశావని మెచ్చుకున్నాడు. తర్వాత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“ఆ ఒక్క పేరున్న ఇల్లే కూలిపోయి ఉంటే?”

ఈ ప్రశ్న గౌరీశ్వరి తనను తాను అడగకుండా ఉండడానికి నానా తంటాలు పడుతోంది. ఫిట్స్ వస్తే అక్క మనిషే దక్కకపోవచ్చు. రాకపోయినా, కూతురి పేరు తనలో లేదని అక్కకి తెలిసిపోతుంది. అది తెలిశాక బతికే బతుకు ఎలాంటిదో గౌరీశ్వరి ఊహించలేకపోయింది. భయపడింది. భయపడుతున్నానని ఆయనతో చెప్పేసింది కూడా.

నిర్ణయం నూకరత్నానికే వదిలారు. ఆమె అంతా విని, ఎక్కువసేపు తీసుకోలేదు. పిల్లని తీసుకురా అంది. పట్నాయక్ కూడా అదే అన్నాడు. పిలవాల్సిన మనిషి ఎదురుగా ఉండాలి, ఉత్తుత్తి పిలుపుకి మెదడు లోతుగా కదలదు.

కుసుమ రానంది. హాస్టల్ వరండాలో పిన్నికి ఎదురుగా కూర్చుని మొహం పక్కకి తిప్పేసుకుంది. మాట్లాడనని చెప్పడానికి వినపడని పిల్లకు అంతకంటే గట్టి మార్గం లేదు. గౌరీశ్వరి చోటు మార్చుకుని ఆ మొహానికి ఎదురుగా వెళ్లి కూర్చుంది. పిల్ల మళ్లీ తిప్పేసుకుంది. ఇలా ఆ వరండాలో పిన్ని కాసేపు ప్రదక్షిణలు చేశాక, కుసుమకి నవ్వొచ్చి, నవ్వు రాగానే ఏడుపొచ్చింది.

అప్పుడు చెప్పింది. ఏడుస్తూ గబగబా చేసే సైగలు గౌరీశ్వరికి అంతంతమాత్రమే అందుతాయి కాబట్టి ప్రతి మాటా మళ్లీ మళ్లీ చెప్పాల్సి వచ్చింది. అమ్మకి జబ్బు చెయ్యడానికి కొన్నాళ్ల ముందు బడి వార్షికోత్సవానికి వచ్చిందట. గేటు దగ్గర స్నేహితురాళ్లందరి మధ్యా తనను చూసి, చిటికెనవేలు ముక్కు కింద రుద్ది పిలిచిందట. అందరూ పడీ పడీ నవ్వారట. కుసుమ సిగ్గుతో చచ్చిపోయి, ఇంకెప్పుడూ నన్ను ఆ పేరుతో పిలవొద్దని తల్లితో పోట్లాడింది. సరేనంది తల్లి. ఆ తర్వాత పక్షవాతం వచ్చింది, చెయ్యి పడిపోయింది, తోడు వచ్చింది. చెయ్యి లేచాక అమ్మ బడి పేరుతో పిలవడం మొదలుపెట్టింది.

“నేనే వద్దన్నాను,” అంది కుసుమ చేతులతో. “అందుకే మానేసింది. ఇప్పుడు నేను తన పిల్లని కాదు, బడి పిల్లని. మళ్లీ పిలవమని ఏ మొహం పెట్టుకుని అడగను?”

ఇన్నాళ్లూ ఈ పిల్ల ఇంత బరువు మోస్తోందని ఇంట్లో ఎవరికీ తెలియలేదు. గౌరీశ్వరి ఆ చేతుల్ని రెండు చేతులతో పట్టుకుంది. అలా పట్టుకుంటే ఇద్దరికీ మాట ఆగిపోతుందని గుర్తొచ్చి వదిలేసింది.

బెల్లం మార్కెట్లో కేక ఈ పిల్లకు పనికిరాదు. గౌరీశ్వరి చుట్టూ చూసింది. ఆ హాస్టల్లో గేటు గంట నొక్కితే మోగదు, గదిలో ఎర్ర బల్బు వెలుగుతుంది. బల్బు వెలిగితే తలుపు ఎవరు తీస్తారని అడిగింది. తలుపు పక్క మంచం మీద ఎవరుంటే వాళ్లు, అంది కుసుమ. మిగతావాళ్లు? లేవరు, తీసేశారు కదా, ఇక లేవడం ఎందుకు? వచ్చింది వాళ్ల అమ్మే అయినా లేవరా? తెలిస్తే కదా లేవడానికి, అంది కుసుమ. అని, కదులుతున్న చేతుల్ని అలాగే ఆపేసింది.

అమ్మ మానెయ్యలేదు, అంది గౌరీశ్వరి. నీ మీద అలగలేదు. లోపల నుంచి లేచి వస్తుండగానే తలుపు పక్కనున్న టీచర్ తీసేస్తోంది. అది నేను పెట్టిన వరస.

దీనివల్ల అమ్మకి దెబ్బ తగులుతుందా అని కుసుమ అడిగింది. తగలవచ్చని గౌరీశ్వరి దాచకుండా చెప్పింది. పిల్ల లేచి చెప్పులు వేసుకుంది.

నూకరత్నాన్ని కిటికీ పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. బుల్లి లైబ్రరీని ఎక్కించడానికి రెప్పపాటు పట్టింది, ఆమెకు తెలియను కూడా లేదు. తేడా వస్తే ఉన్నపళంగా దించెయ్యడానికి పట్నాయక్ మీట మీద వేలు పెట్టి నిలబడ్డాడు. అప్పలనాయుడు గోడకి అతుక్కుపోయి, తెలిసిన దేవుళ్లందరికీ వరసగా మొక్కుకుంటున్నాడు. గౌరీశ్వరి తెర ముందు కూర్చుంది. అక్క మొహం చూసే ధైర్యం ఆమెకు లేదు.

తలుపు తీసుకుని కుసుమ వచ్చింది.

తెర మీద పేరు కదిలింది. బుల్లి లైబ్రరీ పలికింది. పలికి, టీచర్ని దాటించి, ముందుకు అడిగింది. ఎక్కడో లోపల నుంచి ఒక చిరునామా వచ్చింది. నూకరత్నం చెయ్యి ఒడిలోంచి లేచింది, గుండెల దాకా వచ్చింది, ఆగిపోయింది. మెడ నరాలు బయటికి వచ్చాయి. దవడ బిగిసింది. పట్నాయక్ వేలు మీట మీద బరువుగా ఆనింది.

“ఆగండి సార్,” అంది గౌరీశ్వరి. తెర మీద చిరునామా ఇంకా తెగిపోలేదు. చాలాకాలంగా నడవని దారిలో ఏదో తడుముకుంటూ వస్తోంది. “దారిలోనే ఉంది. వస్తోంది.”

పట్నాయక్ ఆగాడు.

నూకరత్నం చిటికెనవేలు ముందు కదిలింది. మెల్లగా వంగింది. మోచెయ్యి, ఎవరికి తగిలితే నాకేం అన్నట్టు, పక్కకి లేచింది. వంగిన వేలు ముక్కు కింద ఒక్కసారి రాసుకుని దిగింది. సైగ కాస్త వంకరగా వచ్చింది, చివర తడబడింది కూడా. అయినా అది ఏ బడిలోనూ లేని సైగ, ఏ టీచరుకీ తెలియని చెయ్యి.

కుసుమ పరుగెత్తుకు రాలేదు. అక్కడే నిలబడి, ఇంకోసారి అన్నట్టు చూసింది. నూకరత్నం మళ్లీ పిలిచింది. ఈసారి వేలు తడబడలేదు. అప్పుడు వచ్చింది పిల్ల. వచ్చి తల్లి ఒళ్లో మొహం దాచుకుంది. పద్నాలుగేళ్ల పిల్ల ఒళ్లో పట్టదని ఇద్దరికీ తోచలేదు. ఏడ్చి ఏడ్చి నిజంగానే ముక్కు కారుతుంటే నూకరత్నం చీర కొంగుతో గట్టిగా తుడిచి పారేసింది. అప్పలనాయుడు మొక్కులు మధ్యలో ఆపి, ఎక్కడి దాకా వచ్చాడో మరిచిపోయి, ఎవరికీ అన్యాయం జరగకుండా మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాడు.

పట్నాయక్ మీట మీది వేలు తీసి కుర్చీలో కూర్చుని మంచినీళ్లు అడిగాడు. గ్లాసు ఖాళీ చేసి, ఇలాంటి పనులు తన వయసుకి మంచివి కావన్నాడు. అంటూనే నవ్వాడు. గౌరీశ్వరి ఈసారి తెర వెనక దాక్కోలేదు. అందరి ముందూ హాయిగా ఏడ్చింది.

తేరుకున్నాక కుసుమకి ఆశ పెరిగింది. ‘రా’ అన్న సైగ కూడా అమ్మదే కావాలంది. ‘తిను’ కావాలంది, ‘మొద్దు’ కావాలంది, పాత తిట్లన్నీ కావాలంది. పట్నాయక్ రెండు చేతులూ ఎత్తేశాడు. ప్రతి పేరూ ఇలాంటి మరో జూదమే, ఏ ఇల్లు కూలి ఉందో ఎవరికి తెలుసన్నాడు. కుసుమ మొహం చిన్నబోయింది. నూకరత్నం కూతురి గడ్డం పట్టుకుని తనవైపు తిప్పుకుంది. వైదేహి టీచర్ చేతులతో, మోచేతులు పొందికగా పక్కటెముకలకు ఆనించి, నిదానంగా చెప్పింది.

“మిగతావన్నీ టీచర్ చెప్పనీ. బాగానే చెబుతుంది. నిన్ను పిలవడం మాత్రం నేను పిలుస్తాను.”

తోడు తీసెయ్యమని ఆమె మళ్లీ అడగలేదు. ఆపరేషన్‌కి కేటాయించిన రోజును పట్నాయక్ ఇంకెవరికో ఇచ్చేశాడు.

ఆ సాయంత్రం నలుగురూ పాసింజర్ రైల్లో అనకాపల్లి బయలుదేరారు. గౌరీశ్వరికి వెళ్లాల్సిన పనేమీ లేదు, అయినా ఎక్కేసింది. జనం బాగానే ఉన్నారు. అప్పలనాయుడికి చోటు దొరక్క తలుపు దగ్గర నిలబడి, పక్కవాడెవడితోనో కోరి మరీ కబుర్లు పెట్టుకుని, నా పెళ్లాం ఇవాళ మాట్లాడిందని చెబుతున్నాడు. కుసుమ కిటికీ పక్కన కూర్చుని బయటికి చూస్తోంది.

నూకరత్నం ఆ పిల్ల భుజం మీద తట్టింది. కుసుమ తిరిగింది. నూకరత్నం చిటికెనవేలు ముక్కు కింద రుద్దింది. ఏంటన్నట్టు కనుబొమలు ఎగరేసింది కుసుమ. నూకరత్నం ఏమీ చెప్పలేదు. పిల్ల మళ్లీ కిటికీ వైపు తిరిగింది. దువ్వాడ స్టేషన్ దాటాక మళ్లీ తట్టింది, మళ్లీ పిలిచింది. ఎదురు సీట్లో కూర్చున్న కాలేజీ అమ్మాయిలు ఆ సైగ చూసి మూతులు మూసుకుని నవ్వారు. కుసుమ వాళ్లనీ చూసింది, తల్లినీ చూసింది. చెప్పు, ఏంటి, అని చేతులు తిప్పుతూ విసుక్కుంది. తల్లులు పదే పదే పిలిస్తే ఆ వయసు పిల్లలు విసుక్కునే మామూలు విసుగే అది. చాలాకాలం తర్వాత దాన్ని చూసి గౌరీశ్వరికి ప్రాణం లేచొచ్చింది.

నూకరత్నం భుజాలు ఎగరేసి, ఏమీ లేదు, ఊరికే పిలిచానంది.